ముందు కారు కింద చూడండి, తర్వాత బానెట్ ఎత్తండి

ప్రశ్న: మాది కాకినాడ జిల్లా ఉప్పాడ. నాకు 26 ఏళ్లు. కాకినాడలో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాసే ఉద్యోగం. మా ఇంట్లో నాన్న మోపెడ్ తప్ప ఇంతవరకు మరో బండి లేదు. ఐదు నెలల కిందట, దాచుకున్న డబ్బుతో తెలిసినవాళ్ల ద్వారా 2011 మోడల్ మారుతి ఆల్టో కొన్నాను. 1,10,000 రూపాయలు ఇచ్చాను. పెయింటు కొత్తగా మెరుస్తుంటే చూసి మురిసిపోయాం. రెండు వారాలకే కష్టాలు మొదలయ్యాయి. కొన్ని రోజులు ఉదయం తాళం తిప్పితే టిక్ టిక్ మని ఊరుకుంటుంది. ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. ఇప్పటికే రెండుసార్లు లాగించుకుని తెచ్చాను. వాన పడితే ముందు సీటు దగ్గర కాళ్ల కింద నీళ్లు వస్తున్నాయి. మొన్న కార్పెట్ ఎత్తి చూస్తే తుప్పు పట్టి ఉంది, వేలితో నొక్కితే కన్నం పడింది. ఇంజిన్ పనికి 35,000 అవుతుందని మెకానిక్ అంటున్నాడు. ఫ్లోరుకు రేకు వేసి పెయింటు కొట్టడానికి టింకరింగ్ షెడ్డులో 12,000 అడిగారు. ఈ బండి మనకు అచ్చిరాలేదు, అమ్మేయమంటాడు నాన్న. ఆర్‌సీ ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. మొదటి కారు, వదులుకోవాలంటే మనసు రావడం లేదు. బాగు చేయించుకోవాలా, అమ్మేయాలా? అమ్మానాన్నలను దీనిలో అన్నవరం తీసుకెళ్లవచ్చా?

సమాధానం: మీ ఉత్తరంలో రెండు సమస్యలు కలగలిసిపోయాయి. ముందు వాటిని విడదీద్దాం. కారు మొరాయించడం ఒకటి, తుప్పు పట్టడం మరొకటి. మొరాయించే కారు మిమ్మల్ని దారిలో నిలబెడుతుంది, ఆఫీసుకు ఆలస్యం చేస్తుంది, జేబు ఖాళీ చేస్తుంది. అంతకు మించి కీడు చేయదు. తుప్పు అలా కాదు. ఢీకొన్న క్షణంలో మిమ్మల్ని కాపాడవలసిన ఇనుమునే అది తినేస్తుంది. మొదటిది రోజూ చప్పుడు చేసి గుర్తు చేస్తుంది కాబట్టి అందరూ ముందు దానికే ఖర్చు పెడతారు. రెండోది కార్పెట్ కింద నోరు మెదపకుండా పని కానిచ్చుకుంటుంది. అందుకే ఇంజిన్‌కు 35,000 అన్న మాటను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. కారు అడుగుభాగం ఎలా ఉందో తేలేదాకా దాని మీద పెద్ద ఖర్చేమీ పెట్టవద్దు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఆల్టో లాంటి చిన్న కార్లకు బొలెరోకు ఉన్నట్టు కింద విడిగా ఛాసిస్ ఉండదు. పలుచని ఉక్కు రేకులను మడిచి, పెట్టెలుగా అతికి కట్టిన బాడీయే దాని ఎముకల గూడు. తలుపుల కింద ముందు నుంచి వెనక దాకా పొడవుగా వెళ్లే భాగాన్ని షెడ్డుల్లో రన్నింగ్ బోర్డు అంటారు. అదీ, ఫ్లోరు, బానెట్ కింద చక్రాలకు పైన ఉండే ఆప్రాన్, ఇవన్నీ కలిసి బరువు మోస్తాయి, దెబ్బ తగిలితే కాస్తాయి. తలుపు మీదో డిక్కీ మీదో తుప్పు పట్టితే అది అందానికి సంబంధించిన బాధ. ఈ మూడింటికి పడితే అది ప్రాణానికి సంబంధించిన విషయం. మీ ఆల్టో కాలానికి చిన్న కార్లలో ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి కాదు. డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్ ఉండాలన్న నిబంధన 2019 జూలైలో గానీ రాలేదు. కాబట్టి మీకున్న రక్షణ దాదాపు అంతా సీటు బెల్టే. ఆ బెల్టు కింది కొన బోల్టుతో బిగించింది ఈ ఇనుముకే. అక్కడ ఇనుము పెళుసెక్కితే బెల్టు పెట్టుకున్నా పట్టి ఉంచే ఆధారం ఉండదు.

మీ కారు ఇలా ఎందుకైందో ఊహించడం కష్టం కాదు. ఈ కారు ఇదివరకు ఎక్కడ తిరిగిందో మీరు రాయలేదు గానీ, ఇప్పుడు తిరిగేది మాత్రం కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు. అల్పపీడనం వచ్చినప్పుడల్లా కెరటాలు రాళ్లకట్టను దాటి రోడ్డు మీద పడే దారి అది. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ చాలు. ఉప్పు కలిస్తే ఆ నీటిలో విద్యుత్తు తేలికగా ప్రవహిస్తుంది, తుప్పు పట్టే వేగం పెరుగుతుంది. అంతకంటే చెడ్డ సంగతి మరొకటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనంతట తాను ద్రవమవుతుంది. సముద్రపు ఒడ్డున రాత్రిళ్లు తేమ అంతకంటే ఎక్కువగానే ఉంటుంది. అంటే వాన లేకపోయినా, కారు కదలకపోయినా, అడుగున పేరుకున్న ఉప్పు పొర రాత్రంతా తడిగానే ఉంటుంది. బండి అచ్చిరాలేదని మీ నాన్నగారు బాధపడుతున్నారు కదా, ఆయనతో ఈ మాట చెప్పండి. దీనిలో మీ జాతకం దోషమూ లేదు, ముహూర్తం దోషమూ లేదు. ఉప్పుగాలి, దాన్ని ఏళ్ల తరబడి పట్టించుకోకపోవడం, ఆపైన అమ్మేముందు కొట్టిన కొత్త పెయింటు. మూడూ మనుషులకు అర్థమయ్యే కారణాలే.

ఇక చేయవలసిన పని. వాటర్ సర్వీసింగ్ చేసే చోట లిఫ్టు ఉంటుంది. కారును అక్కడికి తీసుకెళ్లి అడుగు కడిగించి, ఆరనిచ్చి, పైకి ఎత్తించండి. మీకు ఇంజిన్ పని చెప్పిన మెకానిక్‌ను గానీ, రేకు వేస్తానన్న షెడ్డు ఆయనను గానీ తోడు తీసుకెళ్లవద్దు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, ఆ పని వస్తే లాభపడేవాళ్లు తీర్పు చెప్పకూడదు. ఈ కారుతో సంబంధం లేని మరో అనుభవజ్ఞుడికి కొంత డబ్బిచ్చి చూడమనండి. మీరూ పక్కనే నిలబడి చూడండి. చేతిలో టార్చి, ఒక పెద్ద స్క్రూడ్రైవర్, ఒక చిన్న అయస్కాంతం ఉంటే చాలు.

స్క్రూడ్రైవర్ పిడితో రన్నింగ్ బోర్డు పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. మంచి రేకు ఖంగుమంటుంది. కుళ్లిన రేకు మొద్దుగా పలుకుతుంది, పొరలు పొరలుగా రాలుతుంది. అనుమానం వచ్చిన చోట మొనతో గట్టిగా నొక్కండి. లోపలికి దిగిందంటే అక్కడ లోహం లేనట్టే. కొత్త పెయింటు మెరుస్తున్న చోట్ల అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే అక్కడ ఉన్నది పుట్టీ. వెనక చక్రాల ఇరుసును బాడీకి పట్టి ఉంచే ఆర్ములు బిగించిన చోట్లు, జాకీ పెట్టే చోట్లు, బానెట్ ఎత్తితే రెండు వైపులా షాకబ్జర్ల పైకొన బిగించిన చోట్లు, బ్యాటరీ కింది పళ్లెం, ముందు సీట్ల బోల్టులు, బెల్టు బోల్టులు చూడాలి. చివరగా అడుగున వెనకదాకా వెళ్లే సన్నని బ్రేకు పైపులు. ఈ పైపుల మీద తుప్పు గరుకుగా పొక్కి ఉంటే మరో మాట లేకుండా మార్చాలి. అవి గట్టిగా బ్రేకు తొక్కిన రోజునే పగులుతాయి, ఎందుకంటే లోపల ఒత్తిడి పెరిగేది అప్పుడే.

చూసిన తర్వాత మూడు రకాల ఫలితాల్లో ఒకటి వస్తుంది. పైపైన ఎర్రగా పొడిలా ఉండి, గోకితే కింద తెల్లని లోహం కనిపిస్తే సంతోషించండి. శుభ్రం చేసి ప్రైమర్, పెయింటు కొడితే ఏళ్లు వస్తుంది. ఫ్లోరు మధ్యలో అరచేయంత కన్నాలు ఉండి, చుట్టూ గట్టిదనం ఉంటే, కోసి కొత్త రేకు వేయించవచ్చు, ఖర్చు పెట్టడంలో అర్థముంది. కానీ రన్నింగ్ బోర్డులో చెయ్యి దూరేంత ఖాళీలున్నా, ఇరుసు ఆర్ములు బిగించిన చోట ఇనుము పొరలుగా విడిపోతున్నా, షాకబ్జర్ పైభాగం దగ్గర పగులు కనిపించినా, ఆ కారును ఇక బాగు చేయించకండి. చేయగలిగినవాడు దొరకడని కాదు. ఆ పని సరిగ్గా చేయాలంటే బాడీని కొలతల ప్రకారం నిలబెట్టి, లోపలి పొరలు కూడా మార్చాలి. ఆ ఖర్చుకు మరో మంచి పాత కారు వస్తుంది. తక్కువ ఖర్చులో చేస్తామన్నవాళ్లు పై రేకు మాత్రమే అతికిస్తారు.

మీకు 12,000 చెప్పిన షెడ్డు వాళ్లు ఏం చేస్తామన్నారో మాట మాటగా అడగండి. కుళ్లిన రేకు మీదే కొత్త రేకు పరిచి అతికితే లాభం లేదు, వెల్డింగు అంటుకోవడానికి అక్కడ లోహం ఉండాలి కదా. తుప్పును గట్టి లోహం దాకా కోసి తీసేయాలి. అతుకు వేశాక రెండు వైపులా ప్రైమర్ కొట్టాలి. ఆరాక సీలెంట్ నింపాలి. ఆ తర్వాతే నల్లని అండర్ కోటింగ్. చాలా చోట్ల మొదటి మూడు పనులూ వదిలేసి నాలుగోది మాత్రం చేస్తారు. తుప్పు మీద, తడి మీద కొట్టిన అండర్ కోటింగ్ లోపలి తేమను బయటికి పోనివ్వదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పించండి, పెట్రోలు ట్యాంకు, పైపులు ఉన్న వైపు పని ఉంటే ట్యాంకు దించించండి. మరొక సంగతి: ఛాసిస్ నంబరు చెక్కి ఉన్న చోటును ఎవరూ గ్రైండింగ్ చేయకూడదు, పుట్టీతో కప్పకూడదు. తీర ప్రాంతపు కార్లలో ఆ అంకెలు తుప్పుకు చెరిగిపోవడం కూడా ఉంటుంది. అంకెలు చదవలేని కారుతో రవాణా కార్యాలయంలో పడే తిప్పలు ఇంజిన్ చెడితే పడేవాటికంటే ఎక్కువ.

ఫ్లోరు కన్నం గురించి ఈ రోజే చేయవలసిన పని ఒకటుంది. సైలెన్సర్ గొట్టం కూడా ఇనుమే, అదీ అదే ఉప్పునీటిలో తడిసింది. అది మధ్యలో చిల్లు పడి, పైన ఫ్లోరుకూ కన్నం ఉంటే, ఇంజిన్ పొగ లోపలికి వస్తుంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. అద్దాలు మూసి ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలిచి ఉంటే అది లోపలే పేరుకుంటుంది. తలనొప్పి, మత్తు, వికారం దాని మొదటి గుర్తులు. సైలెన్సర్ ఎక్కడా లీకు లేదని తేలేదాకా అద్దాలు దించుకునే నడపండి, ఆపి ఉన్న కారులో ఇంజిన్ వేసుకుని కూర్చోకండి.

కాళ్ల దగ్గరికి వచ్చే నీళ్లు కింది కన్నంలోంచే వస్తున్నాయని అనుకోకండి. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఆకులు చేరి నీరు పోయే దారి పూడుకుపోయినా, తలుపుల అడుగున ఉండే సన్నని రంధ్రాలు మట్టితో మూసుకున్నా నీరు లోపలికి దిగి కార్పెట్ కింద నిలుస్తుంది. కన్నం ఆ నీటి ఫలితం అయి ఉండవచ్చు. నీరు వచ్చే దారి మూయకుండా రేకు వేస్తే ఆ రేకు కూడా అదే దారి పడుతుంది. ఒకరు లోపల కూర్చుని, మరొకరు పైపుతో అద్దం మీద, తలుపు మీద విడివిడిగా నీళ్లు పోస్తే ఎక్కడి నుంచి వస్తోందో అరగంటలో తెలుస్తుంది.

అడుగుభాగం బాగానే ఉందని తేలితే, అప్పుడు మొరాయింపు సంగతి చూద్దాం. మీరు రాసిన లక్షణాలను బట్టి 35,000 ఇంజిన్ పని అవసరమని నాకు అనిపించడం లేదు. టిక్ టిక్ మని ఊరుకోవడం ఎక్కువగా బ్యాటరీ, ఎర్త్ వైరు, సెల్ఫ్ మోటారు, ఈ మూడింటిలో ఒకటి. ఇందులో మీ కారు విషయంలో నా అనుమానం ఎర్త్ వైరు మీద. బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి, గేర్‌బాక్సుకు బోల్టుతో బిగించే లావుపాటి తీగ అది. ఆ బోల్టు కింద తుప్పు చేరితే, బ్యాటరీ కొత్తదైనా సెల్ఫ్‌కు కావలసినంత కరెంటు అందదు. ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటర్ ఉంటుంది. రాత్రంతా ఆగి ఉన్న కారులో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి, ఇంజిన్ నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. తర్వాత మీటరు ఒక తీగ బ్యాటరీ నెగెటివ్‌కు, మరొకటి ఇంజిన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటి చూపితే ఎర్త్ దారిలో అడ్డు ఉన్నట్టే. తీగ విప్పి, లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు రాస్తే సరిపోవచ్చు. మీకు బ్యాటరీ మార్చమని ఎవరైనా చెబితే ముందు ఈ పరీక్ష చేయించండి.

వేడెక్కడం విషయంలో కూడా అంతే, చిన్నవాటి నుంచి పెద్దవాటికి వెళ్లాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి చూడండి. వేడిగా ఉన్నప్పుడు ఎట్టి పరిస్థితిలోనూ తీయవద్దు, మరిగే నీరు ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ రంగు లోపల కనిపించాలి. ఇటుక రంగు నీరు ఉంటే, ఎవరో ఇన్నాళ్లూ కుళాయి నీరే పోశారని అర్థం, అంటే తుప్పు ఇంజిన్ లోపల కూడా పడుతోంది. కడిగించి, సరైన కూలెంట్ నింపించండి. ట్రాఫిక్‌లోనే వేడెక్కుతోందంటే రేడియేటర్ దగ్గరున్న ఎలక్ట్రిక్ ఫ్యాను తిరుగుతోందో లేదో చూడాలి. దాని ఫ్యూజో, రిలేయో, కనెక్టరో పాడైతే ఇదే జరుగుతుంది. ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్‌ను తీసేస్తే వేడెక్కదని కొందరు మెకానిక్‌లు చెబుతారు, అలా తీసేయించుకోకండి. ఇంజిన్ సరైన వేడికి రాకపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. తీసేసి ఉంటే కొత్తది వేయించండి, ఈ కారుకు విడిభాగాలు ఊరూరా దొరుకుతాయి, ధరలూ తక్కువే. ఇంజిన్ ఆయిల్ మూత లోపల పాలమీగడలాంటిది అంటుకుని ఉన్నా, సైలెన్సర్ నుంచి వేడెక్కాక కూడా తెల్లని పొగ ఆగకపోయినా, కూలెంట్ ఎక్కడా కారకుండానే తగ్గిపోతున్నా అప్పుడు హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే ఇంజిన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే పొరను, అనుమానించాలి. అవేవీ లేకుండా ఇంజిన్ విప్పుతానంటే ఎందుకో చెప్పమనండి, సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్ష చేసి అంకెలు చూపించమనండి.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో పాత యజమానికి గుర్తులేకపోతే మార్పించేయండి. బ్రేకు ఆయిల్ కూడా మార్చాలి, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతదైతే గట్టి బ్రేకింగులో ఆవిరై పెడల్ మెత్తబడుతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2011 నాటి కారును దాన్ని మనసులో పెట్టుకుని తయారు చేయలేదు. పెట్రోలు రబ్బరు పైపులు గట్టిపడ్డాయేమో, చీలికలున్నాయేమో చూపించండి, కారును రోజుల తరబడి కదపకుండా ఉంచకండి. టైర్ల పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాట్లు లోతుగా కనిపిస్తున్నాయని పాత టైర్లను నమ్మకండి.

ఇది మీ మొదటి కారు కాబట్టి మరో మాట. పోల్చి చూసుకోవడానికి మీకు వేరే కారు అనుభవం లేదు. ఒక పక్కకు లాగే స్టీరింగు, లోతుగా తొక్కితే గానీ పట్టని బ్రేకు, గుంతలో పడ్డప్పుడు వచ్చే డబడబ శబ్దం, వీటన్నిటికీ ఐదు నెలల్లో మీ చేతులూ కాళ్లూ అలవాటు పడిపోయి ఉంటాయి, కారంటే ఇలాగే ఉంటుందని అనిపిస్తూ ఉంటుంది. ఎవరైనా స్నేహితుడి మంచి స్థితిలో ఉన్న చిన్న కారును ఖాళీ రోడ్డు మీద కాసేపు నడిపి రండి, వెంటనే మీది నడపండి. ఏది చెడిందో మెకానిక్ కంటే ముందు మీ కాలికే తెలుస్తుంది. కొత్తగా నడపడం నేర్చుకున్నవాళ్లు అందరూ ఈ పని చేయాలని నా కోరిక.

ఆర్‌సీ ఇంకా పాత యజమాని పేరు మీదే ఉందని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఉత్తరం మొత్తంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఆ వాక్యమే. మోటారు వాహనాల చట్టం ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మినప్పుడు అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా అధికారికి తెలియజేయాలి. దానికి వాడేవే ఫారం 29, ఫారం 30. మీ గడువు దాటింది, ఆలస్యానికి రుసుము పడుతుంది, పడనివ్వండి. రికార్డులో ఎవరి పేరుందో వారే యజమాని అని, ప్రమాద పరిహారం విషయంలో బాధ్యత వారి మీదే ఉంటుందని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అంటే మీరు నడుపుతుండగా ఏదైనా జరిగితే కారు అమ్మేసి నిశ్చింతగా ఉన్న మనిషి కోర్టు చుట్టూ తిరగాలి. ఆయన సంతకాలకు వెనకాడుతుంటే ఈ విషయం చెప్పండి, ఆయనకే తొందర పుడుతుంది. ఇన్సూరెన్స్ సంగతి: ఎదుటివారికి కలిగే నష్టానికి సంబంధించిన రక్షణ కారుతో పాటు మీకు వచ్చినా, మీ సొంత కారు నష్టం మాత్రం పాలసీ మీ పేరు మీదికి మారితేనే ఇస్తారు. చట్టం దానికి ఇచ్చిన గడువు 14 రోజులు.

రిజిస్ట్రేషన్ తేదీ కూడా చూసుకోండి. 2011లో నమోదైన సొంత కారుకు 2026లో 15 ఏళ్లు నిండుతాయి. తర్వాత కారును చూపించి, పరీక్షలో నెగ్గితే ఐదేళ్లకు రెన్యువల్ చేస్తారు. ఫారం 25తో దరఖాస్తును గడువుకు 60 రోజుల ముందు నుంచి ఇవ్వవచ్చు. కారుకు రెన్యువల్ రుసుమును 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. ఆ రోజున ఎంత కట్టాలో రవాణా శాఖ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లు తిరగకూడదన్న ఢిల్లీ నిబంధన మనకు వర్తించదు, ఎవరైనా భయపెడితే నమ్మకండి. కాని పరీక్ష ఖర్చు, రెన్యువల్ ఖర్చు, కావలసిన టైర్లు, ఇవన్నీ మీ లెక్కలో ఉండాలి.

లెక్కలు మీకు నేను నేర్పనవసరం లేదు, అది మీ వృత్తి. కాని సొంత వస్తువు దగ్గర లెక్కలు తెలిసినవాళ్లు కూడా మెత్తబడతారు. ఇచ్చిన 1,10,000 ఇక తిరిగి రాదు, దాన్ని నిర్ణయంలోకి తీసుకురావద్దు. ఇక నుంచి పెట్టబోయే రూపాయికి ఏం వస్తుందో మాత్రమే చూడండి. ఇదే మోడల్ మంచి స్థితిలో మీ దగ్గర ఎంతకు దొరుకుతుందో విచారించండి. తుప్పు పని, బ్రేకులు, టైర్లు, కూలింగ్, పేరు మార్పు, రెన్యువల్ అన్నీ కలిపి ఆ ధరలో సగం దాటితే నేనైతే ఆపేస్తాను. దాటకపోతే ముందు బ్రేకులు, తర్వాత ఫ్లోరు, తర్వాత కూలింగ్, ఎర్త్ పని చేయించండి. ఏసీ, సీటు కవర్లు, పాటల పెట్టె అన్నిటి తర్వాతే. ఒక నోటు పుస్తకంలో తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, అయిన ఖర్చు రాయండి. అదే లోపం ఏడాదిలో మూడోసారి రాశారంటే దాని మూలం ఇంకా దొరకలేదని అర్థం.

ఉంచుకుంటే కొన్ని అలవాట్లు తప్పవు. సముద్రం పోటు మీద ఉన్న రోజుల్లో బీచ్ రోడ్డు వదిలి, దూరమైనా పిఠాపురం మీదుగా వెళ్లండి. కెరటం నీరు పారుతున్న రోడ్డులోకి కారు దింపవద్దు. వారానికోసారి అడుగుభాగం మంచినీటితో కడగండి. తీర గ్రామాల్లో చాలా బోర్ల నీరు ఉప్పగా ఉంటుంది, ఆ నీటితో కడిగితే ఉప్పు మీద ఉప్పు. తడిసిన కారు మీద ప్లాస్టిక్ కవరు కప్పకండి, గాలి తగలనివ్వండి.

అన్నవరం గురించి అడిగారు. కారును లిఫ్టు మీద చూసేదాకా తీసుకెళ్లవద్దు. బ్రేకు పైపులు, బెల్టు బోల్టులు, సైలెన్సర్, టైర్లు బాగున్నాయని తేలి, వేడెక్కడం తగ్గాక తప్పకుండా తీసుకెళ్లండి. ఈలోగా వెళ్లాలనుంటే బస్సులో వెళ్లి రండి. దారిలో జాతీయ రహదారి మీద ఎప్పుడైనా ఆగిపోతే కారును ఎడమ పక్కకు లాగి, ఎమర్జెన్సీ లైట్లు వేసి, అందరూ దిగి రోడ్డుకు దూరంగా నిలబడండి. రహదారి సహాయానికి 1033 నంబరు ఉంది. ఆగి ఉన్న కారులో కూర్చుని మెకానిక్ కోసం ఎదురుచూడటం చాలా ప్రమాదం.

చివరికి వదిలేయాలని తేలితే, ఎలా వదిలేస్తారన్నది ముఖ్యం. మీకు జరిగింది మరొకరికి చేయకండి. పుట్టీ పూసి, కార్పెట్ పరిచి అమ్మితే, అది మళ్లీ మీలాంటి మరో కుర్రవాడి మొదటి కారు అవుతుంది. బాగయ్యే తుప్పు అయితే కార్పెట్ ఎత్తి చూపించి, తగ్గించిన ధరకు అమ్మండి, పేరు మార్పు పూర్తయ్యాకే తాళాలు ఇవ్వండి. బాగు కాని తుప్పు అయితే అమ్మనే వద్దు. గుర్తింపు పొందిన వాహన స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వండి. వాళ్లు ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్‌తో కొత్త సొంత కారు కొన్నప్పుడు రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చని 2021లో కేంద్రం నిబంధన తెచ్చింది, మన దగ్గర అది ఎలా వర్తిస్తుందో రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. మామూలు పాత ఇనుము కొట్టుకు తూకానికి వేసి రావద్దు. రిజిస్ట్రేషన్ రద్దు కాకపోతే, ఆ నంబరు పలక ఎక్కడ తిరిగినా అడిగేది రికార్డులో ఉన్న మనిషినే. స్క్రాపింగ్ కేంద్రం వాళ్లు కూడా ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారి సంతకమే అడుగుతారు. కాబట్టి ఉంచుకున్నా, అమ్మినా, తుక్కుకు ఇచ్చినా, ఈ వారంలోనే పాత యజమానిని కలిసి ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకోండి. లిఫ్టు మీద చూసిన చోట్ల ఫొటోలు తీసి పంపితే, ఏ రేకు ఉంచవచ్చో ఏది కోయాలో నేను కూడా చూసి రాస్తాను.